పదకొండింటికి పడకేసే సర్వర్

“నేరం ఊపిరి పీల్చినా నాకు వినపడుతుంది బాబీ,” అన్నాడు జయకృష్ణ పెసరట్టు తుంచుతూ. ఆన్‌లైన్‌లో డిటెక్టివ్ కోర్సు పూర్తిచేసిన దగ్గర్నుంచి మావాడి మాటతీరు ఇదే. ఆ మేధావిని బండి మీద తిప్పే పని నాది. నేరం సంగతేమోగాని, తన జేబులో ఫోన్ మోగుతోందని నేను చెప్తేగాని వాడికి వినపడలేదు.

ఫోన్ చేసింది వాళ్ల పిన్ని శివపార్వతి గారు. ఆవిడ పటమటలో రక్తదాతల వెబ్‌సైట్ నడుపుతారు. బ్లడ్ గ్రూపూ ఊరూ కొడితే దగ్గర్లోని దాతల నంబర్లు వస్తాయి. కొన్నాళ్లుగా ఆ సైట్ రోజూ పగలు పదకొండింటికి మొరాయిస్తోంది. గంటసేపు ఎవరికీ తెరుచుకోదు.

“హ్యాకింగ్,” అని తేల్చేశాడు జయకృష్ణ, ఇంకా చెయ్యి కడుక్కోకుండానే.

మేం వెళ్లేసరికి పదకొండు దాటింది. సైట్ పడుకుంది. ముందుగదిలో ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన శౌరమ్మ గారు ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నారు. కూతురికి ఆపరేషనట, ఓ నెగెటివ్ రక్తం దొరకడం లేదట. ఫోన్లో సైట్ రాకపోయేసరికి ఆటో కట్టించుకుని ఆఫీసుకే వచ్చేశారు. లోపలిగదిలో సర్వర్ ముందు పాల్ చెమటలు కక్కుతున్నాడు. దాన్ని చూసుకోడానికి కొత్తగా చేరిన కుర్రాడతను, మాట తక్కువ.

జయకృష్ణ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హుందాగా లోపలికి నడిచి, తలుపనుకుని గోడని నెట్టాడు. తర్వాత విచారణ మొదలెట్టాడు. సైట్ ఆగిన ప్రతిసారీ పాల్ ఫోన్ పట్టుకుని మెట్ల మీదకి వెళ్తాడని పిన్ని గారు చెప్పారు.

“ఇతను మెట్లెక్కగానే సైట్ దిగిపోతోంది. ఇంకా సాక్ష్యం ఎందుకు పిన్నీ?”

సైట్ ఆగగానే జనం ఫోన్ చేసి తిడతారని, ఆ తిట్లు మేడమ్ చెవిన పడకూడదనే బయటికి వెళ్తున్నానని పాల్ చెప్పాడు. డిస్క్ ఏదో పనిలో పీకల్దాకా మునిగి ఉందని, కాస్త టైమిస్తే అదేమిటో కనుక్కుంటానన్నాడు. నేరస్తులందరూ టైమే అడుగుతారన్నాడు జయకృష్ణ. అతను చెప్పేది కాస్త వినరా అని నేనంటే, నువ్వు డిటెక్టివ్ కోర్సు చేశావా అని నన్నడిగాడు. పిన్ని గారు ఆలోచించకుండా పాల్‌ని రేపట్నుంచి రావద్దన్నారు.

పాల్ కీబోర్డు మాత్రం వదల్లేదు. “నా ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆవిడ పని అవనివ్వండి,” అన్నాడు.

జయకృష్ణ ఈలోగా హ్యాకర్ల రహస్య పరికరం కోసం బల్లకింద దూరాడు. దూరినంత తేలిగ్గా బయటికి రాలేకపోయాడు. వెనక్కి పాకబోతే కాలు వైర్లలో చిక్కుకుని, పక్కనున్న చిన్న పెట్టెతో సహా బోర్లా పడ్డాడు. పెట్టె వైరు ఊడివచ్చింది.

ముందుగదిలోంచి శౌరమ్మ గారి గొంతు వినపడింది. “వచ్చిందయ్యా, పేర్లు కనపడుతున్నాయి.”

పాల్ ఆ వైరువంకా స్క్రీన్ వంకా చూశాడు. అతనికి విషయం అర్థమైంది.

“ఇది బ్యాకప్ డిస్కండీ. రోజూ సైట్ మొత్తానికి కాపీ తీస్తుంది. ఎవరూ వాడని టైమని నేను చేరకముందే తెల్లవారుజామున ఐదున్నరకి పెట్టారు. కానీ సర్వర్ గడియారం గ్రీనిచ్ టైములో ఉంది. దాని ఐదున్నర మనకి పదకొండు. ఈమధ్య దాతల రిపోర్టుల ఫొటోలు కూడా చేరి బరువు పెరిగింది. ఆ కాపీ అయ్యేదాకా సర్వర్ డిస్క్ ఇంకెవరికీ పలకడం లేదు.”

“ఆ గ్రీనిచ్ ఎక్కడున్నా పట్టుకుంటాను,” అన్నాడు జయకృష్ణ నేలమీద నుంచే.

పాల్ గడియారాన్ని మన టైముకి తిప్పాడు. రోజూ మొత్తం కాకుండా మారినవాటినే కాపీ చేసేలా, అదీ సైట్ వాడేవాళ్లకి అడ్డంరాకుండా నిదానంగా చేసేలా పెట్టాడు. శౌరమ్మ గారికి ఉయ్యూరులో దాత దొరికాడు, బయల్దేరానన్నాడు. ఆవిడ పాల్ రెండు చేతులూ కళ్లకద్దుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కారు.

పిన్ని గారు మాత్రం చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా జయకృష్ణ అడుగుపెట్టాడు, కేసు తేలిపోయిందని చెప్పుకున్నారు. రావద్దన్న మాట ఆవిడా ఎత్తలేదు, పాల్ కూడా ఎత్తలేదు. అతను టీకి బయల్దేరుతుంటే ఆవిడే వెనక్కి పిలిచారు.

“ఎలాగూ బయటికెళ్తున్నావుగా పాల్, మా అబ్బాయికి కప్పడానికి మంచి శాలువా ఒకటి పట్రా.”