అమృతమ్మ ఫైనల్, అమృతమ్మ ఒరిజినల్

ఒక్కటే ఈమెయిల్ ఉన్న మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, అదేం బతుకు! ఉత్తరం వస్తే ఎక్కడికొచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. వెతుకులాట లేదు, ఎదురుచూపు లేదు, నెట్ సెంటర్లో తగువు లేదు. వాళ్లకు పొద్దెట్లా గడుస్తుందండీ?

నాకా బాధ లేదు. నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా నెట్ సెంటర్ నడిపే షాదాబ్ దయవల్ల నాకు చేతినిండా మెయిళ్లున్నాయి.

మొదటిది మా ఆయన ఫోన్ నంబరు మీద పుట్టింది. ఆయన పోయాడు, వెనకే సిమ్ము పోయింది. తర్వాత నేను పాస్‌వర్డ్ మరిచిపోతే కంప్యూటర్ ఓటీపీని ఆయన నంబరుకే పంపింది. అది ఆయనకు అందిందో లేదో ఇంతవరకు జవాబు లేదు.

"ఫికర్ చెయ్యకు చిన్నమ్మా, కొత్తది చేద్దాం" అన్నాడు షాదాబ్.

అతని దగ్గర అన్ని రోగాలకూ ఇదే మందు. తాళంచెవి పోతే తాళం తీయించడు, పక్కనే ఇంకో ఇల్లు కట్టిస్తాడు! అట్లా పించనుకొక మెయిల్ వచ్చింది. గ్యాసుకొకటి, కంది పంట బీమాకొకటి. అమృతమ్మ, అమృతమ్మ న్యూ, అమృతమ్మ న్యూ న్యూ, అమృతమ్మ ఫైనల్. ఫైనల్ అయిపోయాక అమృతమ్మ ఒరిజినల్! నేను పుట్టినప్పుడు మా అమ్మ కూడా నా పేరు మీద ఇంత ఆలోచన పెట్టలేదు.

మరి ఇన్నింటిని గుర్తుపెట్టుకునేదెట్లా? అందుకే బుక్‌మార్కులు. తెర మీద చిన్న నక్షత్రం ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ మెయిల్‌కు దారి పైన పట్టీలో నిలిచిపోతుంది. షాదాబ్ నా పేర్లన్నీ తెలుగులో రాసి వరుసగా పెట్టాడు. నేను కూర్చుని ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను.

యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని నేను. అప్పుడు పక్కింటి హన్మమ్మ ఎంత నవ్విందో! "ముద్రెయ్య వేలుండంగ గీ అక్షరాలెందుకే నీకు?" అన్నది. సంతకం వచ్చిన రోజు, రేషన్ దుకాణంలో తప్ప ఇక ఎక్కడా వేలు పెట్టనని ఒట్టేసుకున్నాను. ఆ పట్టుదలతోనే ఓపెన్ స్కూల్ పదో తరగతికి కూడా కట్టాను.

హాల్‌టికెట్ మెయిల్‌కు పంపామని ఫోన్‌కు కబురొచ్చింది. ఏ మెయిల్‌కు? అది మాత్రం చెప్పలేదు. రేపు పొద్దున పరీక్ష. హాల్‌టికెట్ లేకపోతే గేటు దాటనియ్యరు.

షాదాబ్ దగ్గరికి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "అమృతమ్మ ఒరిజినల్" నొక్కాను. సంగప్ప ఉత్తరాలు తెరుచుకున్నాయి! సంగప్ప అంటే మా గల్లీ మొదట్లో పంక్చర్లు వేసేవాడు. బీదర్‌లో పిల్లను చూస్తున్నాడట. పంపిన ఫోటోలో నెత్తినిండా జుట్టుంది. ఇప్పుడు మనిషికి లేదు.

"అమృతమ్మ ఫైనల్" నొక్కాను. హన్మమ్మ దవాఖాన రిపోర్టు! షుగర్ ఉందట. నాకేం రోగం లేదని చెప్పి రోజూ మా ఇంట్లో చక్కెర ఎక్కువేయించుకుని చాయ్ తాగే మనిషి!

చూశారా ఎంత లాభమో? ఒక్కటే మెయిల్ ఉన్నవాళ్లకు ఇంత లోకజ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది?

"గిదేందిరా షాదాబ్! నా పేరు మీద నొక్కితే సంగప్ప వస్తుండు!"

"మరి జల్దీ రావాలె గద చిన్నమ్మా! నక్షత్రానికి మనిషి యాదుండడు, నంబరే యాదుంటది. అందరి మెయిళ్లు ఈ ఒక్క కంప్యూటర్లనే ఉంటయ్, పొద్దుగాల ఎవ్వలు ముందు తెరిస్తే వాళ్లు మొదటి నంబరు. ఇయ్యాల సంగప్ప ముందుగాల వచ్చిండు."

అప్పుడర్థమైంది. యూరియా లైన్లో మనకు బదులు చెప్పులు పెట్టి నీడకు కూర్చుంటాం కదా, అట్లాంటిదే ఇది. కాకపోతే అక్కడ వరుస ఎంత జరిగినా నా చెప్పులు నావే. ఇక్కడ కంప్యూటర్ చెప్పులను చూడదు, చోటునే చూస్తుంది. నా చోట్లోకి ఎవరి చెప్పులు జరిగితే వాళ్లే అమృతమ్మ!

"అయితే అందర్ని బయటికి తోలు. నన్ను ముందు పంపు."

"తోలుతె మళ్ల లోపలికెట్ల వస్తరు? ఎవ్వల పాస్‌వర్డ్ ఎవ్వలికి యాదుంది? పరేషాన్ గాకు, కొత్తది చేద్దామా? అమృతమ్మ లాస్ట్ అని పెడత."

"కొత్త మెయిల్‌కు పాత హాల్‌టికెట్ వస్తదారా?"

గడ్డం గోక్కున్నాడు. "రాదు" అన్నాడు.

అన్నీ తిరగేశాక అసలు సంగతి తేలింది. ఫారం నింపేటప్పుడు అతను ఒక పాత కాగితం చూసి, అన్నింటికన్నా మొదటి మెయిల్ రాశాడు. మా ఆయన నంబరుది! ఓటీపీ అడిగాం. మళ్లీ ఆయనకే పోయింది. బతికున్నప్పుడే ఆయన ఫోనెత్తేవాడు కాదు.

నాకు ఏడుపొచ్చింది. షాదాబ్ బల్ల కింద నుంచి నల్లటి మిషన్ ఒకటి తీశాడు. రేషన్ దుకాణంలో ఉంటుందే, అదే.

"ఏడ్వకు చిన్నమ్మా, ఇంకో తొవ్వ ఉంది. ఆధార్ నంబరు కొడత. నువ్వు గీడ వేలు పెట్టు."

గడియారం వైపు చూశాను. పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. ప్రింటర్ కిర్రుమంటూ నా హాల్‌టికెట్ కక్కింది.

"చూసినవా! పాస్‌వర్డ్ లేదు, నక్షత్రం లేదు, చదువుడు లేదు. ఒక్క వేలు చాలు!" షాదాబ్ మొహం వెలిగిపోయింది.

నిజమే కదండీ! రేపు తెలుగు పేపరు. అమృతమ్మకు చదవడం, రాయడం వచ్చా అని అడుగుతారు. ఆ మాట అడిగించుకోవడానికి నేను వేలిముద్ర వేసి వచ్చాను.

వెనుకటి వేలిముద్రకు సిరా ఉండేది. చేయి మురికయ్యేది. ఈ మిషన్‌కు సిరా లేదు, మరక లేదు. ఎంత శుభ్రం!

అయినా ఇంటికొచ్చి నల్లా కింద సబ్బుతో వేలు రుద్దుకున్నాను. హన్మమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"గంతగనం రుద్దుతున్నవ్, ఏమంటిందే?"

"నీకు కనబడదు తియ్" అన్నాను.