తిత్తి గుంజేదెవరు?

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, మృగశిర వాన పడిన మర్నాడు. కొత్తగూడ కొలిమిలో బాలనర్సయ్యకు ఆ పొద్దున ఒకటే పని. మధ్యాహ్నంలోగా రైతు పోచయ్య నాగటి కర్రు సాగదీసి ఇవ్వాలి. అదును తప్పితే పోచయ్య జొన్న విత్తనాలు ఇంట్లోనే ఉండిపోతాయి. భార్య కిష్టమ్మ నిప్పుకు గాలి కొట్టే తోలు తిత్తి గుంజుతోంది. ఆయన కర్రు కాలుస్తున్నాడు.

బొక్కెన పిడి అతికించుకోవడానికి వచ్చిన బడిపంతులు రామచంద్రం తిత్తిని చూసి ముచ్చటపడ్డాడు. మన ఎదలో జరిగేదీ ఇదేనన్నాడు. పక్కటెముకల కింద గొడుగులాంటి కండపొర ఒకటుందట. అది కిందికి దిగితే ఎద వెడల్పై గాలి లోపలికి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. ఆ గాలితోనే తిన్న రొట్టె ఒంట్లో మంట లేకుండా కాలుతుందట.

"మరి ఆ తిత్తి గుంజేదెవరు?" అన్నాడు బాలనర్సయ్య.

"అదే అసలు సంగతి. సాయంత్రం చెప్త, బడికి ఆలస్యమైతున్నది," అని పంతులు బొక్కెన అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

మనిషి గుంజకుండా ఆడిన తిత్తిని బాలనర్సయ్య ముప్పై ఏళ్లలో చూడలేదు. అంటే ఇన్నాళ్లూ తనకు తెలియకుండా తనే గుంజుతున్నాడన్నమాట. ఒక్కసారి మరిచిపోతే? ఆ ఆలోచనతో ఊపిరి భారం ఆయన మీద పడింది. తీశాడు, వదిలాడు. మళ్లీ తనే తీయాల్సి వచ్చింది. సమ్మెట మీద మనసు పెడితే ఊపిరి తప్పుతోంది. ఊపిరి మీద పెడితే సమ్మెట కర్రును తప్పి కింది దాగలి దిమ్మెకు తగులుతోంది. చివరికి సమ్మెట పక్కన పడేసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నాడు. మాట్లాడితే ఊపిరి వృథా అవుతుందని కిష్టమ్మ ఏమడిగినా పలకలేదు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన అంతసేపు నోరు మూసుకోవడం ఆమె ఎరగదు. తను దాచిన విషయం తెలిసిపోయిందనుకుంది.

"నువ్వు పోయిందనుకున్న పెద్ద పటకారు ఏడ పోలేదయ్యా. మా తమ్ముడు మణికొండల కొలిమి పెట్టుకున్నడని నేనే ఇచ్చిన."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. కానీ ఊపిరి మధ్యలో ఉంది, తిట్టడానికి వీల్లేదు.

అంతలో పోచయ్య వచ్చాడు. చల్లారిన కొలిమినీ, బిగుసుకుని కూర్చున్న మనిషినీ చూసి తన తప్పే బయటపడిందనుకున్నాడు.

"నర్సన్నా, గల్తీ అయింది. నిరుడు కొడవలి మణికొండల నీ బామ్మర్దితోని చేయించిన. నీ దానికంటె జర మంచిగ తెగుతదంటె పోయిన. ఇగ పోను."

"నా పటకారుతోని, నాకంటె మంచిగనా?"

బాలనర్సయ్య లేచాడు. కిష్టమ్మ తిత్తి అందుకుంది. బావమరిదినీ, పోచయ్యనూ, అత్తవారి ఊరినీ వరసగా తలుచుకుంటూ, తిట్టుకో దెబ్బ చొప్పున కర్రును సాగదీశాడు. పోచయ్య దాన్ని భుజానికెత్తుకుని పొలానికి పరుగెత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది బాలనర్సయ్యకు. ఇంతసేపూ ఊపిరి ఎవరు గుంజారు?

పొద్దుటి భయమంతా చెప్పుకుని కిష్టమ్మనే అడిగాడు. ఆమె నవ్వింది.

"ఇరవై ఏండ్ల సంది నేను ఈ తిత్తి గుంజుతున్న. నిప్పు సల్లారినప్పుడు తప్ప ఎన్నడన్న నా దిక్కు చూసినవా? అది గూడ గట్లనే. దాని పని అది చేస్కుంటది."

సాయంత్రం పంతులు వచ్చి, మెదడు అడుగున ఆ పని చూసే చోటొకటి ఉందనీ, మనం మరిచినా అది మరవదనీ వివరించాడు. ముందే తెలిసినట్టు తలూపాడు బాలనర్సయ్య. బొక్కెన మాత్రం ఎల్లుండి తీసుకొమ్మన్నాడు. రేపు మణికొండ వెళ్లాలి. ఊపిరి సంగతి తేలింది గాని, ఆ కొడవలి సంగతి తేలలేదు.