తడిపి చూసిన పాఠం

ఆ ఆదివారం ఉదయం పరదాల దర్జీకి భార్య అప్పగించిన పనులు మూడే మూడు. ఇల్లు సర్దాలి. పదింటికి ట్యూషన్ చెప్పే టీచరమ్మ వస్తే కూతుర్ని ఆమె ఎదురుగా కూర్చోబెట్టాలి. పాఠం నడుస్తున్నంతసేపూ తను నోరు మూసుకోవాలి. భార్య ఆస్పత్రిలో నర్సు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో రోగి చేత తిరిగి చెప్పించుకుంటే గానీ మంచం దగ్గర్నుంచి కదలదు. మొగుడి చేత కూడా మూడూ అప్పజెప్పించుకుని డ్యూటీకి బయల్దేరింది.

"మూడోది మర్చిపోకండి. అదే ముఖ్యం," అని గుమ్మం దగ్గర మళ్ళీ అంది.

దర్జీ బుద్ధిగా తలూపాడు. కానీ ఆయన మనసులో నాలుగోది ఒకటుంది. పాతికేళ్ళుగా పరదాలు కుడుతున్న మనిషి. కొత్త గుడ్డ ఎంత మేలైనదని చెప్పినా నమ్మడు. ముందు ఓ ముక్క తడిపి, ఆరబెట్టి, ముడుచుకుంటుందో లేదో, రంగు దిగుతుందో లేదో చూశాకే కత్తెర పెడతాడు. గుడ్డకే అంత పరీక్ష ఉన్నప్పుడు, కూతురికి పాఠం చెప్పే మనిషికి ఉండొద్దూ?

ఈ అనుమానానికి కారణం లేకపోలేదు. ఏడో తరగతి చదివే కూతురు ఒకప్పుడు లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉండేది. అందుకే ఇంట్లో పిచ్చుక అనేవారు. లెక్కల్లో వెనకబడుతోందని పెట్టిన మొదటి మాస్టారు, పిల్ల తప్పు చెప్పినప్పుడల్లా స్కేలుతో బల్ల మీద ఒక్కటి కొట్టేవాడు. రెండో ఆయన రోజూ తన కొడుకు మార్కులు వినిపించేవాడు. మూడో ఆవిడ ఒక లెక్కని వందసార్లు రాయించింది. తీరా చూస్తే ఆవిడ చెప్పిన జవాబే తప్పు. అంతటితో పిచ్చుక నోరు మూతపడింది. లెక్కల పుస్తకం కనిపిస్తే చాలు, కుట్టుగదికీ లోపలి గదికీ మధ్య ఉన్న పరదా వెనక్కి వెళ్ళిపోయేది. రెండు నెలల్లో వచ్చే పరీక్షలో లెక్కలు తప్పితే మళ్ళీ ఏడో తరగతేనని బడివాళ్ళు కబురు పంపారు. దర్జీకి తరగతి గురించిన బెంగ కొంతే. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన భరించలేకపోతున్నాడు.

"నువ్వు లోపలే ఉండమ్మా పిచ్చుకా. ఈవిణ్ణి ముందు నేను తడిపి చూస్తా," అన్నాడు కూతురితో. పిల్ల మాట్లాడకుండా పరదా వెనక్కి వెళ్ళింది.

ఇక ఇల్లు సర్దడం. పిల్ల సంచి, బూట్లు, రంగు పెన్సిళ్ళు, గోడకి అంటించిన బొమ్మలతో సహా అన్నీ మంచం కిందికి తోసి, దుప్పటి నేల దాకా లాగేశాడు. ఆ ఇంట్లో ఒక పిల్ల పెరుగుతోందనడానికి పూచికపుల్లంత ఆధారం మిగల్లేదు. తర్వాత గుడ్డలు కత్తిరించే బల్ల ముందు కొత్త నోటుపుస్తకం, చెక్కిన పెన్సిలు పెట్టుకుని, మెడలో కొలతటేపుతో, నలభై మూడేళ్ళ వయసులో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

టీచరమ్మ సరిగ్గా పదింటికి వచ్చింది. పొట్టి మనిషి, తెల్లబడుతున్న జుట్టు, ఆమె కంటే కాస్త పొడుగైన గొడుగు.

"నమస్కారమండీ. పాఠం మా పాపకే. కాకపోతే ముందు నాకు చెప్పండి," అన్నాడు దర్జీ.

ఆమె ఆయన్ని చూసింది. కొత్త నోటుపుస్తకాన్ని చూసింది. పిల్ల ఆనవాలు లేని గదినంతా చూసింది. సాయంత్రాలు ఆమె పెద్దవాళ్ళ బడిలో కూడా చెబుతుంది. చిన్నప్పుడు చదువు ఆగిపోయి, ఇప్పుడు సిగ్గుతో చితికిపోతూ 'మా పిల్లల కోసమండీ' అంటూ వచ్చేవాళ్ళని ఎంతమందిని చూసిందో.

"అలాగేనండీ. తొందరేం లేదు," అంది మెత్తగా.

కావాలని తప్పు చెప్పి ఆమెకి కోపం వస్తుందో రాదో చూడాలని దర్జీ పథకం. సగమూ మూడో వంతూ కలిపితే ఎంత అని ఆమె అడిగింది. "అయిదింట రెండు వంతులు," అన్నాడు. అన్నాక గానీ తాను నటించలేదన్న సంగతి ఆయనకే తెలియలేదు. బల్ల మీద దెబ్బ పడుతుందని భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి.

దెబ్బ పడలేదు. "అలా ఎందుకు అనుకున్నారో చెప్పండి," అంది టీచరమ్మ.

దర్జీ కూడా బడి మానేసింది ఏడో తరగతిలోనే, ఈ వంతుల దగ్గరే. తప్పన్నవాళ్ళు బోలెడుమంది గానీ, ఎందుకు అనుకున్నావని అడిగిన మనిషి పుట్టి బుద్ధెరిగాక ఈమే. "పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు కదండీ," అని గొణిగాడు.

"ఒక పద్ధతి ప్రకారమే వెళ్ళారు. బాగుంది. ఇప్పుడా మెడలో టేపు తియ్యండి. అర అడుగంటే?"

"ఆరంగుళాలు."

"అడుగులో మూడో వంతు?"

"నాలుగు."

"కలిపితే?"

"పది. పన్నెండులో పది." దర్జీ ఆగాడు. టేపు వంక చూశాడు. "అంటే... ఆరింట అయిదు వంతులు! అమ్మా, ఇంకోటి ఇవ్వండి!"

అలా గంట గడిచింది. వెళ్తూ ఆమె పది లెక్కలు ఇంటిపని ఇచ్చింది. ఆమె వీధి మలుపు తిరిగాక గానీ దర్జీకి అసలు విద్యార్థి గుర్తుకు రాలేదు.

మంగళవారం సాయంత్రం నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. "అమ్మా, నిజంగానే ఈ పాఠం మా పాప కోసమండీ."

"నాకు తెలుసండీ. సిగ్గుపడకండి," అంది టీచరమ్మ. "మా బడికి ఒక లారీ డ్రైవరు మూడేళ్ళు వచ్చాడు, కొడుకు కోసమంటూ. ఆఖరికి పరీక్ష పాసయ్యాక చెప్పాడు, తనకున్నది పిల్లి ఒక్కటేనని."

"అయ్యో, మాకు పిల్లి కాదండీ! పిచ్చుకా, ఇలా రామ్మా! పిచ్చుకా!"

పరదా కదల్లేదు. లేని పిచ్చుకని పిలుస్తున్న పెద్దమనిషిని టీచరమ్మ జాలిగా చూసి, నోటుపుస్తకం తెరిచింది. దర్జీ కూడా మరీ గట్టిగా వాదించలేదు. ఆ రోజు తీసివేత మొదలైంది మరి.

భార్యకి ఆదివారం ఉదయాలూ, మంగళ శుక్రవారాల సాయంత్రాలూ డ్యూటీ. "పాఠం ఎలా ఉంది?" అని అడిగేది. "చాలా బాగుంది," అనేవాడు. అందులో అబద్ధమేం లేదు. "అర్థమవుతోందా?" అంటే, "కొంచెం కొంచెం," అనేవాడు. అదీ నిజమే.

ఎదుటి కొట్లో సోఫాలు కుట్టే ఆయన ఉన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. దర్జీ మిషను తొక్కుతూ ఎక్కాలు వల్లించడం ఒకరోజు విన్నాడు. మర్నాడు టీచరమ్మని దారిలో ఆపి సంగతేమిటని ఆరా తీశాడు. "ఆయన్ని ఏమీ అనకండి. ఎంత పట్టుదలో! ఏడో తరగతి పరీక్ష రాయించాలనుకుంటున్నాను," అని ఆమె గుట్టుగా చెప్పింది. ఆ గుట్టు సాయంత్రానికల్లా మందుల షాపు దాకా పాకింది.

"ఏం బావా, రేపు బడికి సెలవా?" అని సోఫాల ఆయన రోజూ వీధి అవతల నుంచి కేకేసేవాడు. మిగతావాళ్ళు అంత కంటే ఘోరం, మనస్ఫూర్తిగా అభినందించేవారు. కొలతలివ్వడానికి వచ్చిన ఒక ముసలాయన దర్జీ చేతిలో పెన్ను పెట్టి, కళ్ళు తుడుచుకుని, కొలతలు మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఇంతమంది ఇంత ప్రేమగా నమ్మాక, కాదనడానికి దర్జీకి నోరు పెగల్లేదు.

అసలు ముప్పు ఒక క్లినిక్కు నుంచి వచ్చింది. ఎనిమిది కిటికీలకి పరదాలు కావాలన్నారు. కిటికీ ఎత్తు అయిదడుగులు. కింద మడతకి అర అడుగు, పైన కుచ్చులకి అడుగులో మూడో వంతు. పాతికేళ్ళుగా ఆయన చెయ్యే ఈ కొలత చూసుకునేది, బుర్రని అడిగేది కాదు. ఈసారి బుర్ర మధ్యలో దూరింది. సగమూ మూడో వంతూ కలిపితే ఆరింట అయిదు వంతులని ఠక్కున వచ్చేసింది. ఆ సంబరంలో, కొత్తగా నేర్చుకున్న తీసివేత చేసేసి, ఎనిమిదీ ఒకే ఊపున కత్తిరించాడు. కుట్టి ఎత్తి చూసుకుంటే కింద కిటికీలో మూడో వంతు బోడిగా ఉంటుందని తేలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మర్నాడు ఉదయం క్లినిక్కు తెరుస్తారు. అదే గుడ్డ ఇంకో మూర కూడా లేదు.

దర్జీ బల్ల మీద తల ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి పక్కన ఎవరో నోటుపుస్తకం తిప్పుతున్న చప్పుడైంది.

"నాన్నా, ఇక్కడ కలపాలి కదా. తీసేశావు." పిల్ల గొంతులో వెక్కిరింత లేదు. "అలా ఎందుకు అనుకున్నావో చెప్పు."

దర్జీ తలెత్తాడు. అయిదు వారాలుగా పరదా వెనక కూర్చున్న పిల్ల ఒక్క పాఠం వదల్లేదని ఆయనకి అప్పుడు తెలిసింది. "కొత్తగా వచ్చింది కదాని చేశానమ్మా," అన్నాడు.

"పోనీలే, బానే ఉంది. అయిదూ ఆరింట అయిదు వంతులు ఉండాల్సింది. నాలుగూ ఆరో వంతే ఉంది. ఒక్కోదానికి అడుగూ మూడింట రెండు వంతులు తక్కువ. ఎనిమిదికి పదమూడూ మూడో వంతు. మన దగ్గర వేరే గుడ్డేమైనా ఉందా నాన్నా?"

"ఇదే పన్నాలో, ఇంతే వెడల్పున్న నీలం ముక్క ఉంది. పద్నాలుగు అడుగులు."

"అతుకుకి ఎంత పోతుంది?"

"అంగుళం."

"ఎనిమిది అంగుళాలు. అంటే అడుగులో మూడింట రెండు వంతులు." పిల్ల పెన్సిలు కొరికి, రాసి, నవ్వింది. "సరిగ్గా పద్నాలుగు. ముక్క కూడా మిగలదు!"

ఎంతకాలం తర్వాత విన్నాడో ఆ నవ్వు! దర్జీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. నీలం అంచు కత్తిరిస్తుంటే పిల్ల పక్కనే నిలబడి, బళ్ళో సంగతులూ, స్నేహితురాలి కుక్కపిల్ల సంగతులూ, అయిదు నెలలుగా దాచుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. మర్నాడు క్లినిక్కు డాక్టరు నీలం అంచు చూసి, ఈ ఆలోచన ఎవరిదని మెచ్చుకున్నాడు.

దర్జీకి ఆ ఆనందం పూర్తిగా అనుభవించే యోగం లేకపోయింది. ఆ ఆదివారం భార్య సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. ముందురోజు వార్డులో ఇంజెక్షను చేయించుకుంటున్న ముసలాయన, "మీ ఆయన ఏడో తరగతి రాస్తున్నారటగా తల్లీ!" అని పెన్ను సంగతి చెప్పేశాడు.

"నేను టీచరుని మాట్లాడింది పిల్లకి! పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరికిందట. మీరెలా దూరారండీ మధ్యలో?" అని ఆమె నిలదీస్తుండగా, టీచరమ్మ పరీక్ష ఫారంతో గుమ్మంలో అడుగు పెట్టింది.

"అమ్మా, ఈ పాఠం మా పాపకండీ," అంది భార్య ఎదురెళ్ళి.

టీచరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "భర్త పరువు కోసం మీరూ అదే మాట అంటున్నారు. ఎంత మంచి ఇల్లాలమ్మా మీరు!"

"పరువేంటండీ! కన్నదాన్ని ఇక్కడుంటే!" అని భార్య, పాఠానికి ముందు అలవాటుగా మొగుడు నేల దాకా దించిన మంచం దుప్పటిని లాగింది. బూట్లు, సంచి, రంగు పెన్సిళ్ళు, బొమ్మలు ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటి వెనకే పరదా తొలగింది.

"నమస్తే టీచర్," అంది పిచ్చుక.

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "నిజంగానే ఉందా!"

దర్జీ చేతులు జోడించాడు. "నన్ను క్షమించండమ్మా. మిమ్మల్ని తడిపి చూద్దామనుకున్నాను. చూస్తే ముడుచుకుపోయి ఉన్నది నేనూ, నా కూతురూ. మీరు మా ఇద్దర్నీ మెల్లిగా సాగదీశారు. మీ రుణం తీర్చుకోలేను."

"టీచర్," అంది పిల్ల, "నాన్న మానేస్తే నేనూ రాను. ఇద్దరికీ చెప్పండి." భార్య ఏదో అనబోయి, కూతురు అన్నేసి మాటలు మాట్లాడటం చూసి, మొగుడికి తానే చెప్పిన మూడో నియమాన్ని తను పాటించింది.

పరీక్షలయ్యాయి. పిచ్చుకకి లెక్కల్లో డెబ్భై ఆరు వచ్చాయి. పెద్దల పరీక్షలో ముప్ఫై అయిదు వస్తే పాసు. దర్జీకి ముప్ఫై నాలుగు వచ్చాయి. కూతురు జవాబులన్నీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని, "తొందరేం లేదు నాన్నా," అని వీపు నిమిరింది. ఇంత హాయిగా తప్పిన మనిషి ఇంకొకడు ఉండడు. ఆ వారమే తండ్రీకూతుళ్ళు టీచరమ్మ ఇంటి కిటికీకి ఒక పరదా కుట్టి తీసుకెళ్ళారు. కొలతలు పిల్లవి, కుట్టు తండ్రిది. పరదా అంగుళం అటూ ఇటూ కాకుండా అమరింది. టీచరమ్మ దాన్ని మాటిమాటికీ తాకి చూసుకుంటూ ఉండిపోయింది.

తర్వాతి మంగళవారం ఆమె పాఠం ముగించి బయటికొస్తుంటే, సోఫాల ఆయన అటూ ఇటూ చూసి వీధి దాటి వచ్చాడు. చేతిలో కొత్త నోటుపుస్తకం ఉంది.

"మా అబ్బాయికి కూడా కాస్త లెక్కలు చెప్పాలండీ. కాకపోతే, ముందు నాకు చెబితే..."

"అలాగేనండీ. తొందరేం లేదు," అంది టీచరమ్మ.

సోఫాల ఆయనకి ఇంకా పెళ్ళి కాలేదు.