స్టాప్ మోషన్ మాత్ర

‘స్టాప్ మోషన్’ అంటే విరేచనాలు కట్టే మాత్ర అని మందుల షాపు బాబాయి అనుకున్నాడు. అందులో తప్పేముంది? జీవితమంతా కౌంటర్ వెనక నిలబడి “మోషన్స్ ఎప్పట్నుంచి?” అని అడిగిన మనిషికి మోషన్ అంటే ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి!

అన్న కూతురు ఫోన్ చేసింది.

“బాబాయ్, నా స్టాప్ మోషన్ పూర్తయింది! ఆదివారం హాల్లో చూపిస్తారట. జనం రాకపోతే మాత్రం క్యాన్సిల్. మీ కస్టమర్లకి చెప్పవా?”

“భేషుగ్గా చెప్తానురా తల్లీ! పేటెంట్ తీసుకున్నావా?”

“అవన్నీ తర్వాత బాబాయ్!”

పిల్ల రెండేళ్లుగా తలుపేసుకుని మట్టి పిసుకుతోందని ఆయనకు తెలుసు. మట్టితో మందు చేస్తోందని మురిసిపోయాడు. పొట్ట పట్టుకుని వచ్చిన ప్రతివాడికీ “ఆదివారం హాలుకి రండి, మా పిల్ల కనిపెట్టింది!” అని చాటింపు వేశాడు.

పాఠకులారా, రాసి పెట్టుకోండి! మన ఊరి యానిమేషన్‌నీ, ప్రయోగాత్మక చిత్రాలనీ బతికించగలిగేది అపార్థం ఒక్కటే! అర్థం చేసుకున్నవాళ్లు ఏనాడు వచ్చారు గనక? లఘు చిత్రం అనగానే మన రసికులకు లఘుశంక ముంచుకొస్తుంది. ట్రైలర్‌కి లైకు కొడతారు, సినిమాకి డుమ్మా కొడతారు. ఇక ‘ప్రయోగాత్మకం’ అన్నామా, ప్రేక్షకుడి ఆత్మ ఒక్కటే హాలుకి వస్తుంది, శరీరం సోఫా దిగదు! ఇలాంటి సభల్లో వేదిక మీద కుర్చీలకు కొరత, కింద మనుషులకు కొరత.

ఆ ఆదివారం మాత్రం హాలు కిక్కిరిసింది. అందరికీ తలుపు పక్క సీటే కావాలి!

జనాన్ని చూసి, సభ ఏర్పాటు చేసిన కళాప్రోత్సాహక సంఘం అధ్యక్షుడికి కళ్లు తిరిగాయి. తన ఉపన్యాసానికి ఇంత గిరాకీ ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. మైకు పట్టుకున్నాడు. పట్టుకున్నది వదల్లేదు. “స్థానిక ప్రతిభను కళ్లలో పెట్టుకుని చూసుకోవాలి!” అన్నాడు. ఆయన తర్వాత కార్యదర్శి, కార్యదర్శి తర్వాత సలహాదారు. తీరా సినిమా వేద్దామని లైట్లు తగ్గించేసరికి ముగ్గురూ వాచీలు చూసుకుని వెనక తలుపులోంచి జారుకున్నారు.

పిల్ల మైకు దగ్గరికి వచ్చింది. ముందు వరసలోని పెద్దాయన చెయ్యెత్తాడు.

“అమ్మా, మాటలు చాలు గానీ, ఆ మాత్రేదో ఇచ్చెయ్యి తల్లీ!”

“మాత్రేంటి తాతగారూ?”

హాలంతా బాబాయి వైపు తిరిగింది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. జనం లేచిపోతే పిల్ల రెండేళ్ల కష్టం మట్టిపాలే!

విషయం గ్రహించిన పిల్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “స్టాప్ మోషన్ అంటే మందు కాదండీ. మట్టిబొమ్మని వెంట్రుకవాసి కదిపి, ఆపి, ఫోటో తీస్తాం. మళ్లీ కదుపుతాం, మళ్లీ ఆపుతాం. అలా...”

“కదలడం, ఆగడం, మళ్లీ కదలడం! మా బాధే సినిమా తీశావన్నమాట!” అన్నాడు పెద్దాయన. “వెయ్యమ్మా, చూస్తాం!”

హాలు ఘొల్లుమంది. సినిమా పడింది.

వానలో ఒక మట్టిమనిషి కరిగిపోతూ తన గొడుగు కుక్కపిల్లకు పడుతున్నాడు. అతని చెంప మీద మన పిల్ల వేలిముద్ర కనిపిస్తోంది. బాబాయి తెర కంటే తలుపుకేసే ఎక్కువ చూశాడు. ఒక్కడు లేస్తే ఒట్టు! పొట్ట పట్టుకున్నవాళ్లు కూడా పొట్ట సంగతి మరిచిపోయారు.

లైట్లు వెలిగాయి. వేదిక మీద కుర్చీలు ఖాళీగా కనిపించాయి.

“ఇందాకటి పెద్దమనుషులేరీ?” అని ఎవరో అడిగారు.

బాబాయి లేచి మైకు అందుకున్నాడు.

“బాబూ, నేను విన్నది తప్పే. స్టాప్ మోషన్ అంటే బొమ్మలాట, మాత్ర కాదు. మిమ్మల్ని పొరపాటున పిలిచాను, క్షమించండి. కానీ రోగం ఉన్నమాట నిజం! నోరు తెరిస్తే ఒకటే ధార, లైటు ఆర్పితే ఒకటే పరుగు! ఆ ముగ్గురినీ ఒకసారి మా షాపుకి పంపండి. అసలు మాత్ర నేనిస్తాను!”