అయిజలో పెద్దమ్మ చావు

గద్వాలలో ఆటో నడిపే మహిపాల్ ఆ ఆదివారం పొద్దున్నే పెద్దమ్మను చంపేయాలని నిర్ణయించుకున్నాడు. నోటిమాటతోనే. జేబులో ఉన్నవి ఐదు వేలు. అవి గల్లీలో బాలమ్మ నడిపే చీటీకి కడితే రేపు ఫైనాన్సు వాళ్లు ఆటో ఎత్తుకుపోతారు. కట్టనంటే బాలమ్మ ఊరుకోదు. ఆమె అతని భార్య సరితకు సొంత మేనత్త, వాళ్ల పెళ్లి కుదిర్చిన మనిషి. పెళ్లిచూపుల దగ్గర మొదలుపెట్టి గల్లీ అంతా వినేలా తిడుతుంది. అయిజలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ పార్వతమ్మకు ఫోన్ లేదు, గల్లీలో ఆమెను చూసినవాళ్లూ లేరు. చావడానికి అంతకంటే అనుకూలమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది? నిజం సరితకూ చెప్పలేదు. చెబితే పది నిమిషాల్లో మేనత్త చెవిలో ఉంటుంది.

"అత్తా, అయిజల మా పెద్దమ్మ పోయింది. ఈ నెల చీటీకి రాలేను" అన్నాడు బాలమ్మ గడప ముందు ముఖం వేలాడేసి.

"అయ్యో అల్లుడా! ఒక్కనివే ఎట్ల పోతవు?" అంటూ ఆమె గల్లీలోకి ఒక్క కేక వేసింది.

చావుకు మనిషిని ఒంటరిగా పంపడం ఆ గల్లీలో మర్యాద కాదు. పావుగంటలో ఆటో నిండిపోయింది. చావుకు పోయే బండికి కిరాయి అడగరు కాబట్టి డీజిలు మహిపాల్‌దే.

"మరి ఇయ్యాల చీటీ పాట?" అన్నాడు టైలరు మాసయ్య.

"వచ్చినంక పాడుదం. తెచ్చిన పైసలు నాకియ్యుండ్రి. చావింటికాడ ఎవని చెయ్యి ఎవని జేబుల ఉంటదో తెల్వదు." బాలమ్మ సంచి తెరిచింది. అందరూ వేశారు. "అల్లుడా, నీవి గూడ. దుఃఖంల పోగొట్టుకుంటవు."

మహిపాల్ నోరు తెరిచేలోపే సరిత అతని జేబులో చెయ్యి పెట్టి ఐదు వేలూ తీసి మేనత్తకిచ్చింది.

"ఖర్చులకు గావాలె గదనే!"

"ఆడ నేనిస్త తీ" అంది బాలమ్మ.

దారి పొడవునా ప్రశ్నలే. ఏం జబ్బు? ఏ దవాఖానకు తీస్కపోయిండ్రు? మహిపాల్ గుండెపోటు అన్నాడు, కాసేపటికి మర్చిపోయి షుగరు అన్నాడు. వెనకసీటులో ఇద్దరు అప్పుడే ఏడుపు సవరించుకుంటున్నారు. అయిజ బస్టాండు దగ్గర బాలమ్మ దిగింది. "ఉత్త చేతుల్తోని ఎట్ల పోతం? దండ తెస్త, మీరు నడువుండ్రి."

పార్వతమ్మ అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఏడుస్తూ దిగిన జనాన్ని చూసి కంగారుపడింది. "ఎవరు సచ్చిండ్రు బిడ్డా?"

"నువ్వేనమ్మా" అన్నాడు ఇస్త్రీ కిష్టయ్య మర్యాదగా.

పార్వతమ్మ మహిపాల్‌ను ఎగాదిగా చూసింది. "రెండేండ్లయింది నా మొకం చూసి. సచ్చినంకనన్న వస్తివి, సంతోషం."

మాసయ్య మహిపాల్ కాలరు పట్టాడు. "చీటీ ఎగ్గొట్టనీకె ముసలామెను చంపుతవారా?"

"ఏడ ఎగ్గొట్టిన? సరిత ఇయ్యలే?"

"మా అత్తను రానీ, నీ సంగతి చెప్త" అంది సరిత.

అత్త రాలేదు. ఫోను చేస్తే మోగలేదు. వెతకబోయిన కిష్టయ్య ముఖంలో నెత్తురుచుక్క లేకుండా తిరిగొచ్చాడు. "పూలామెను అడిగిన. దండ కొననే లేదంట. రాయచూరు బస్సు ఎప్పుడని అడిగి, ఎక్కిపోయిందంట."

మాసయ్య చెయ్యి కాలరు మీంచి జారింది. పద్నాలుగు నెలలుగా కడుతున్న చీటీ, ఇవాళ్టి సంచితో సహా పోయింది. సరిత నేలమీద కూలబడి గొల్లుమంది. మహిపాల్ ఆటో వంక ఒకసారి చూసి తనూ అందుకున్నాడు. ఏడుపులు విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. పార్వతమ్మే లేచి చెంబుతో అందరికీ మంచినీళ్లు అందించింది.

అంతమంది మనస్ఫూర్తిగా ఏడ్చిన చావు ఆ వీధిలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు.