చప్పుడు చేయని పొట్ట

మన పేగులు అరిగించుకోలేని తీపి ఒకటుంది చూశారూ, అది మానవజాతికి దొరికిన గొప్ప వరం. కాదనేవాళ్లు షుగర్ ఫ్రీ చాక్లెట్లు ఓ అరడజను తిని, నలుగురి మధ్య గంటసేపు కూర్చుని, ఆ తర్వాత నాతో వాదనకు రండి!

గ్లూకోజ్‌కు మన చిన్న పేగులో సొంత గుమ్మం ఉంది. వచ్చిందే తడవుగా తలుపు తీస్తారు. అది తిన్నగా వెళ్లి రక్తంలో కూర్చుంటుంది. షుగర్ ఫ్రీ సరుకుల్లో వేసే సార్బిటాల్‌కు ఆ మర్యాద లేదు. నాలుకను బుట్టలో వేసుకోగలదు గానీ, పేగు గోడ దాటాలంటే మాత్రం నానా తంటాలు పడుతుంది. కొంచెం లోపలికి దూరుతుంది. మిగిలింది పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడ కాపురముంటున్న సూక్ష్మజీవులకు విందు. విందన్నాక సందడి ఉండదా మరి?

మూడేళ్లు కెమిస్ట్రీ చదివావు, వంటింట్లో ఎందుకు పనికొచ్చిందని మా అత్తయ్య అడుగుతుంటారు. ఇదిగో, ఇందుకు!

ఆవిడకు షుగర్. ఈసారి రిపోర్టులో తగ్గకపోతే రోజూ ఇంజెక్షనేనని డాక్టరు ముందే చెప్పేశారు. సూది పేరెత్తితే అత్తయ్యకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకని మా వారు షుగర్ ఫ్రీ చాక్లెట్ల డబ్బా తెచ్చారు.

"ఇందులో చక్కెరే లేదమ్మా! ఎన్నయినా తిను."

"ఆ డబ్బా వెనక కూడా చదవండి. ఎక్కువ తింటే పొట్ట పాడవుతుందని రాశారు" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే!"

ఇక ఆ తీపి మహిమ చూడండి. ఇంట్లో ఎవరేం చేస్తున్నారో తెలుసుకోవడానికి కొందరు కెమెరాలు పెట్టుకుంటారు. ఎందుకండీ దండగ? డబ్బా హాల్లో పెట్టి, సాయంత్రం టీవీ కట్టేసి, చెవులు రిక్కించండి! నన్నడిగితే ఆఫీసుల్లో, కమిటీల్లో, చట్టసభల్లో కూడా తలా ఓ డబ్బా పంచాలి. ఎవరెంత మింగారో మైకు లేకుండానే దేశమంతా వింటుంది!

మా డబ్బాలో రోజుకు ఆరు చొప్పున తగ్గుతున్నాయి. "వాడికి మూడు, నాకు మూడు" అని అత్తయ్య లెక్క చెప్పారు. మూడో రోజు సాయంత్రం నేను టీవీ కట్టేశాను.

సోఫాలోంచి ఉరుములు మొదలయ్యాయి. మా వారు పేపరును గట్టిగా మడిచారు. దగ్గారు. పక్కనున్న కుర్చీ జరిపారు. చివరికి, ఏమీ జరగనట్టు, చాలా హుందాగా బాత్రూమ్ వైపు నడిచారు. ఆ హుందాతనం రెండడుగులు కూడా నిలవలేదు.

అత్తయ్య పొట్ట మాత్రం చప్పుడు చేయలేదు. మూడు రోజులుగా అవే చాక్లెట్లు తింటున్న పొట్ట అంత బుద్ధిగా ఉంటుందా? నాకు అక్కడే తేడా కొట్టింది. గలీబు మార్చే వంకతో ఆవిడ దిండు ఎత్తాను. అసలు సిసలు చక్కెర దట్టించిన క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్!

"ఏంటత్తయ్యా ఇది?"

"ఆ చాక్లెట్లు నోట్లో అదోలా ఉన్నాయే. నా వాటా కూడా తనే తింటానన్నాడు. బదులుగా ఇవి తెచ్చిపెట్టాడు, పిచ్చి నాన్న!"

"అమ్మ అలా మొహం పెడితే చూడలేకపోయానోయ్!" బాత్రూమ్ తలుపు వెనకనుంచి వినిపించింది.

సోమవారం డాక్టరు రిపోర్టు చూశారు. షుగర్ పెరిగింది. ఇంజెక్షన్ ఖాయం. ఆయన కళ్లజోడు పైనుంచి నా వైపు చూశారు.

"ఇంట్లో మీరు కాస్త కనిపెట్టుకుని ఉండాలి కదమ్మా?"

తల్లీకొడుకులిద్దరూ గోడమీద వేలాడుతున్న పేగుల బొమ్మను పరీక్షకు చదువుతున్నట్టు చూస్తున్నారు. సూది ఎలా పట్టుకోవాలో, ఎక్కడ గుచ్చాలో నర్సు నాకే నేర్పింది.

"నీ చెయ్యి తేలికమ్మా, నువ్వే వెయ్యి" అన్నారు అత్తయ్య. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

గ్లూకోజ్ ఆవిడ రక్తంలో చేరింది. గ్యాసు ఆయన పొట్టలో చేరింది. పొద్దున్నే ఆరింటికి అలారం మోగేది మాత్రం నా తల దగ్గర!