మోతాదు లేని చావు

పల్లెటూరివాళ్లు మత్తుమందు మోతాదు మించి చావరు. అది పట్నంలో, పెద్దింటి పిల్లలకు మాత్రమే వచ్చే చావు. దానికి టీవీలొస్తాయి, వాసన పట్టే పోలీసు కుక్కలొస్తాయి, పెద్దల సంతాపాలొస్తాయి. పల్లెటూరివాడికి గుండె ఆగుతుంది, అంతే. (పల్లెల్లో గుండెలు ఇంత నాసిరకంగా ఎందుకు తయారవుతున్నాయో తేల్చడానికి ఒక కమిటీ ఉంది. దానికి ఇంకా కుర్చీలు రాలేదు.)

ఈ సంగతి తెలియని మొండిమనిషి పేరు రాజ్యం. సిద్దిపేట అవతలి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి పట్నం వచ్చింది. చిలకలగూడలో ఆటో నడిపే తమ్ముడు రాజేందర్‌ను వెంటబెట్టుకుని, తిరుమలగిరిలో ఉన్న 'మరణ కారణాల నిర్ధారణ, సర్దుబాటు శాఖ' మెట్లెక్కింది.

ఆమె ఊళ్లో బోర్లెండాయి, పత్తి పోయింది, కూలి పోయింది, చివరికి తాటిచెట్లూ ఎండిపోయాయి. కల్లు మాత్రం ఎండలేదు. చెట్లు తగ్గినకొద్దీ కల్లు పెరిగింది. (ఇంత దిగుబడి మరే పంటకూ రాలేదు కనుక వ్యవసాయ శాఖ గర్వపడవచ్చు.) నీళ్లు, తీపికి శాకరిన్, నిద్రకు తెల్లపొడి. అన్నం కంటే చౌక. తాగితే ఆకలి గుర్తుండదు.

పెద్దకొడుకు సాయిలు ఆ కల్లు తాగి పడుకున్నాడు, లేవలేదు. అన్న పోయాడన్న భయంతో చిన్నకొడుకు దుర్గేష్ కల్లు మానేశాడు. మానేసరికి చేతులు వణికాయి, గోడల నిండా చీమలు కనిపించాయి, కన్నతల్లిని గుర్తుపట్టక కరవబోయాడు. ఊరివాళ్లు పట్టుకుని ఒక సీసా పోస్తే శాంతించాడు. ఇప్పుడు వాడికి పెద్దాసుపత్రిలో, మత్తు మాన్పించే వార్డులో పడక కావాలి. పడక కావాలంటే ఆ ఊరి కల్లులో పొడి ఉందని సర్కారు ఒప్పుకోవాలి. సర్కారు ఒప్పుకోవాలంటే సాయిలు ఆ పొడితోనే చచ్చాడని ఈ శాఖ చెప్పాలి.

శాఖలో ఈ పని చూసే అధికారి రఘునాథ్. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. (కుర్చీ లేదు, కానీ అన్నాడు.)

"కల్లుల పొడితోనే సచ్చిండు సారూ. ఊరందరికి ఎరుకే," అంది రాజ్యం.

"ఊరంతా డాక్టర్లేనా అమ్మా? అంటే మత్తుమందు మోతాదు మించిందంటున్నారు. సరే. అసలు మోతాదు ఎంత? ఏ డాక్టర్ రాశాడు? చీటీ ఏది?"

"కల్లుకు చీటేంది సార్!" అన్నాడు రాజేందర్.

"చీటీ లేకపోతే మోతాదు లేదు. లేని మోతాదు ఎట్లా మించుతుందయ్యా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు."

(దీన్ని 'ముందస్తు మోతాదు నిబంధన' అంటారు. ఇది వచ్చిన నాటి నుంచి అలాంటి చావులు పూర్తిగా ఆగిపోయాయి. కనిపెట్టిన అధికారికి పదోన్నతి దక్కింది.)

"పోనీ, అతను తాగిన సీసా ఉందా? పరీక్షకు పంపుదాం."

"అండ్ల మిగిలింది వాని బొంద మీద సాక పోసినం సారూ. సచ్చినోనికి ఆఖరిసారి ఇష్టమైంది పొయ్యాలె గద."

"అంటే సాక్ష్యాన్ని మీరే మట్టిలో పోశారు. మరి దినాల నాడు కల్లు పోశారా?"

"దినాలకు కల్లు లేకుంటే కులపోళ్లు ముద్ద ముడ్తరా? తెచ్చినం. ఊళ్లె ఉన్నది ఒక్కటే దుకాణమాయె."

"అదే కల్లా?"

"అదే."

"ఎంతమంది చనిపోయారు?"

"ఎవ్వరు పోలే సార్," అన్నాడు రాజేందర్. "పొద్దుగూకేదాక ఎవ్వరు లేవలే సుత."

రఘునాథ్ మొహం వెలిగింది. కలం తీసి రాసి, పైకి చదివాడు. "సామూహిక వినియోగ పరీక్ష జయప్రదం. కల్లు సురక్షితం. పరీక్ష నిర్వహించినవారు, మృతుని తల్లి."

రాజ్యానికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు లేచింది. "నా కొడుకు దినాలు నీకు పరీక్షనా? గదే దుకాణంల ఒక్క సీస తెస్త. నా ముంగట తాగు. తాగి ఇంటికి వో, సూస్త!"

"అమ్మా, కార్యాలయ ఆవరణలో కల్లు నిషేధం. గోడ మీద రాసుంది చూడండి."

"అక్కా, జెర ఊకో," అన్నాడు రాజేందర్.

"ఏం ఊకునేదిరా! ఇంటికాడ వాణ్ని మంచానికి కట్టేసొచ్చిన. పొద్దుటి సంది పక్కింటి సుబ్బులు కావలున్నది. ఇప్పిడిస్తే దుకాణానికే ఉరుకుతడు."

రఘునాథ్ కరిగాడు. శాఖకు గుండె లేదనేవాళ్లు ఆ క్షణం అతన్ని చూడాల్సింది. బల్లసొరుగు లాగి నిబంధనల పుస్తకం తీశాడు.

"ఒక దారుందమ్మా. ఒక ఇంట్లో ఒక్క చావైతే అది సంఘటన. దానికి మేమేం చెయ్యలేం. అదే ఇంట్లో, అదే కల్లుతో రెండో చావు జరిగితే దాన్ని ధోరణి అంటారు. ధోరణి అని తేలిందా, ఇక చూసుకోండి. కల్లుకు పరీక్ష, దుకాణానికి తాళం, ఆసుపత్రిలో పడక, మూడూ ఒకే రోజున. నేనే దగ్గరుండి చేయిస్తాను."

రాజేందర్ అక్క చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు.

"ఇంట్ల మిగిలింది నేను, నా దుర్గేషే సారూ," అంది. "గా రెండో సావు ఎవర్ది కావాలె?"

రఘునాథ్ పుస్తకాన్ని కిందామీదా తిరగేసి, ఆ విషయంలో శాఖ ఎవరినీ ఒత్తిడి చేయదనీ, ఎంపిక పూర్తిగా కుటుంబ సభ్యుల ఇష్టమేననీ చెప్పాడు.